మూసుకున్న పైపుకు నీళ్ళు పెంచినవాణ్ణి

నాకు ఎడమవైపు మూత్రపిండం లేదు. తీసేసి రెండేళ్ళు కావస్తోంది. నడుము పక్కన జానెడు పొడుగున కుట్ల మచ్చ ఉంది, ముసురు పట్టినప్పుడు కాస్త లాగుతుంది. అంతకు మించి ఇబ్బంది లేదు. తింటున్నాను, తిరుగుతున్నాను, బరువులు మాత్రం ఎత్తను. ఒకదానితో బతకొచ్చు, భయపడకండి. నడుం నొప్పి అని ఎవరైనా నా దగ్గరికి వస్తే ముందు ఈ మాట చెప్పి, తర్వాత నాలుగు తిట్టి ఆసుపత్రికి పంపిస్తున్నాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి, అది మొదట్లోనే చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను పైపుల ఫిట్టర్ని. పేరు చెంగల్రాయుడు. మాది పీలేరు వైపు పల్లె. పదో తరగతి తప్పి తిరుపతి వచ్చి ఒక శెట్టిగారి హార్డ్‌వేర్ అంగట్లో చేరాను. శెట్టి పైపులు అమ్మేవాడు, మేము పోయి బిగించేవాళ్ళం. ఏడాదికి పది లాడ్జీలు లేచే ఊళ్ళో మాకు పనికి కొదవ లేదు. పదిహేనేళ్ళు పెద్ద ఫిట్టర్ అంటే నేనే. ఆ తర్వాత అరవదేశం అంచునున్న సత్యవేడు నుంచి మునిరత్నం వచ్చాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నా భార్య సరోజను వదినా అనేవాడు. నా ముందర బీడీ కూడా కాల్చేవాడు కాదు. అయినా వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది. కారణం ఏమంటే పని వాడికి నాకంటే బాగా వచ్చు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఎనభై రెండులో ఉగాది తర్వాత జరిగింది ఇది. తిరుచానూరులో ఒక మూడంతస్తుల లాడ్జిలో పొద్దున యాత్రికులు స్నానాలకు లేచేసరికి వెనకవైపు గదుల్లో కుళాయిలు దారంలా కారేవి. గుండు చేయించుకుని తలకు చందనం పూసుకున్నవాళ్ళు బక్కెట్లు పట్టుకుని వసారాలో కొట్లాడుకునేవాళ్ళు. యజమాని నన్ను పిలిపించాడు. నీళ్ళు రాలేదంటే నా మందు ఒకటే: ఒత్తిడి పెంచు. మిద్దె మీద ట్యాంకును ఇంకో నాలుగడుగులు ఎత్తు చేయమన్నాను. ఇటుకలతో దిమ్మె కట్టి ఎత్తారు. కుళాయిలు రవ్వంత నయమయ్యాయి. వారం తిరక్కుండానే దుప్పట్లు పెట్టే గదిలో ఒక జాయింటు పగిలి నూరు దుప్పట్లు తడిసిపోయాయి.

శెట్టి ఈసారి నాతోబాటు మునిరత్నాన్ని కూడా పంపాడు. వాడు పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను పైపు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, గోడ వెంబడి అడుగు అడుగుకూ వింటూ పోయాడు. ఒక మూల దగ్గర ఆగిపోయాడు.

"అన్నా, ఈడ ఈల వేస్తా ఉండాది," అన్నాడు.

అక్కడ కోసి చూస్తే, బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా గట్టిపడి అంగుళం పైపులో పెన్సిలు దూరేంత సందు మిగిలింది. నా జాయింటు పగిలింది సరిగ్గా దానికి ముందు. ఆ మూల మార్చేసరికి వెనక గదుల్లో కుళాయి తిప్పితే బక్కెట్టు మోత మోగింది. యజమాని మునిరత్నం భుజం తట్టాడు. శెట్టి ఆ కోసిన ముక్కను అంగట్లో గల్లాపెట్టె పక్కన పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "మా మునిరత్నం చెవి అప్పా ఇది," అనేవాడు. రోజూ పొద్దున పనికి పోయేముందు నేను ఆ ముక్కను చూడాలి. కుళ్ళు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అన్నం కూడా సహించేది కాదు.

ఇక్కడ కాస్త మా పని గురించి చెప్పాలి, లేకపోతే నా జబ్బు మీకు అర్థం కాదు. అంగుళం పైపు లోపల అరంగుళం అయితే నీళ్ళు సగం వస్తాయనుకుంటారు. సగంలో సగం కూడా రావు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు లోపల ఎంత అడ్డం ఉన్నా తెలియదు, గేజి పెడితే నిండు ఒత్తిడే చూపిస్తుంది. తిప్పి నీళ్ళు కదిలినప్పుడే గుట్టు బయటపడుతుంది. సన్నటి సందులో నీళ్ళు ఉరుకుతాయి, అందుకే సద్దు. అడ్డం దాటాక ఒత్తిడి చచ్చిపోతుంది, అడ్డం ముందర మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. పైనుంచి ఇంకా పెంచితే అది పోయి అడ్డాన్ని తొయ్యదు, ముందరున్న జాయింటును పగలగొడుతుంది. ఇదంతా నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. తెలిసీ ట్యాంకు ఎత్తించాను. తర్వాత నా ఒంటికీ అదే చేశాను.

ఆ వేసవిలోనే మొదలైంది. ఒక మధ్యాహ్నం మిద్దె మీద పైపు కొసకు మరచుట్లు తీస్తుంటే ఎడమ పక్కన, పక్కటెముకల కింద, ఎవరో గొడ్డలి కామ దూర్చి తిప్పినట్టయింది. నొప్పి ముందుకు, కిందికి పాకింది. వాంతి అయింది. ఎండకు కాలే మిద్దె మీద పిల్లిలా ముడుచుకుని పడుకున్నాను. నన్ను కిందికి దించింది మునిరత్నమే. వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి దిగుతూ కూడా, వీడికి ఇంత బలం ఎక్కడిది అనుకున్నాను.

మా వీధి కాంపౌండరు రాయి అన్నాడు. మన నీళ్ళకు ఇంటికొక రాయి ఉంటుంది, కంగారేమీ లేదన్నాడు. సూది వేశాడు. నీళ్ళు బాగా తాగమన్నాడు, తగ్గకపోతే పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. నేను మొదటి మాటే విన్నాను. ఒత్తిడి పెంచాలి, అంతే కదా. పొద్దున లేస్తే అరటి దూట రసం, తర్వాత ఉలవకట్టు, తర్వాత చెంబులకు చెంబులు నీళ్ళు. సరోజ మా అక్క కూతురు, నన్ను మామా అంటుంది. దూట దంచీ దంచీ దాని అరచేతులు నల్లబడ్డాయి.

"మామా, కడుపు పగలతాది. రవ్వంత ఆగరాదా," అనేది.

"తోసుకుని పోవాల. నాకు తెలీదా పైపుల సంగతి," అనేవాణ్ణి.

నొప్పితో గడిపిన మూడు వారాల్లో నేను ఎవరెవర్ని చూసి కుళ్ళుకున్నానో చెబితే నవ్వుతారు. బస్టాండు గోడ పక్కన నిలబడిన ప్రతి మగవాణ్ణీ చూసి కుళ్ళుకున్నాను. వాళ్ళు ఎంత తేలిగ్గా, లోకం పట్టనట్టు నిలబడి, పంచె సర్దుకుని వెళ్ళిపోతారో. రాత్రంతా గురక పెట్టే పక్కింటి ముసలాయన్ని చూసి కుళ్ళుకున్నాను. నాకు నొప్పి తెరలు తెరలుగా వచ్చి పోతుంటే, అంగట్లో లాడ్జి పనులన్నీ మునిరత్నం పేరున పోతున్నాయి. నొప్పి కంటే అదే ఎక్కువ బాధించేది.

తర్వాత ఒక రోజు నొప్పి ఆగిపోయింది. మర్నాడూ రాలేదు. వారమైనా రాలేదు. రాయి పడిపోయిందని అంగడంతా చాటాను. శెట్టికీ పనివాళ్ళకీ పకోడీ తెప్పించి పెట్టాను. మునిరత్నం పకోడీ తీసుకున్నాడు గాని తినలేదు. నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు వెనక పైపుల కొట్టంలోకి వచ్చాడు.

"అన్నా, రాయి పడింది చూసినావా?"

"చూసేదేమి. నొప్పి లేదు కదా."

"నొప్పి లేకపోతే పడినట్టేనా? రవ్వంత సందున్నా లైను ఈల వేస్తాది. పూరా మూసుకుంటే సద్దే ఉండదు గదన్నా. నాకు అదే బయ్యంగా ఉండాది. వేలూరు పెద్దాసుపత్రికి పోదాం రా. రంగు సూది వేసి ఫోటో తీస్తారంట. నేను వస్తా, ఆడ అరవం కావాల గదా."

వాడి మాట పూర్తికాకముందే నాకు తెలిసిపోయింది, వాడు చెప్పింది నిజమని. ఇంకెవరు చెప్పినా ఆ పొద్దే బస్సెక్కేవాణ్ణి. చెప్పింది మునిరత్నం. లాడ్జి మూలనూ వాడే కనిపెట్టాలి, నా ఒంట్లో మూలనూ వాడే కనిపెట్టాలా?

"నా ఒళ్ళు నీ లాడ్జి పైపు కాదురా. పోయి పని చూసుకో," అన్నాను.

పకోడీ పొట్లం ఒక పైపు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఈ సంగతి సరోజకు నేను చెప్పలేదు. నీళ్ళు తాగడం మాత్రం మానలేదు.

రెండు నెలలు హాయిగానే గడిచాయి. హాయి అనే అనుకున్నాను. ఎడమ పక్కన ఏదో బరువు, లుంగీ ముడి ఎప్పుడూ బిగుతుగా ఉన్నట్టు. ఆడి కృత్తిక పండగకు ముందు చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగేంత వణుకు. మూడో రోజుకు మూత్రం చిక్కగా, కంపుగా వచ్చింది. సరోజ నన్ను అడగలేదు. పోయి మునిరత్నాన్ని పిలుచుకుని వచ్చింది. దానికి అరవం రాదు, నాకు అరకొర, వేలూరులో ఎవరో ఒకరు కావాలి కదా. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

బస్సులో ముగ్గురి సీటులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. చిత్తూరు దాటాక కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి మునిరత్నం ఏదో చెబుతున్నాడు, సరోజ నవ్వుతోంది. నాకు జ్వరం పట్టుకున్నాక అది నవ్వడం అదే మొదలు. నాకు జ్వరం నూట మూడు ఉండుంటుంది, అయినా వాడు చెప్పింది ఏమిటో, అది నేనెందుకు చెప్పలేకపోయానో అదే ఆలోచన. కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. అది నవ్వు ఆపేసింది. మామ లేచినాడేమో అని కొంగు సర్దుకుంది. అప్పుడైనా నాకు సిగ్గు రావాల్సింది.

వేలూరులో ఎదురుచూపులు మూడు రోజులు. పొడుగాటి బెంచీలు, చేతిలో నంబరు చీటీ, పిలిచేది మన పేరో కాదో తెలియని అరవం. మునిరత్నం తలుపు పక్కన నిలబడి చెవి అక్కడే పెట్టేవాడు. మా పక్కన గుడియాత్తం నుంచి వచ్చిన ఒక ముసలామె, కొడుకు కోసం వచ్చింది. మా భాష ఆమెకు రాదు. రోజూ తన బత్తాయిని రెండుగా చేసి సగం నా చేతిలో పెట్టేది. నేను ఒద్దంటే కళ్ళతోనే గద్దించేది. ఆమె కొడుకును నాకంటే ముందు పిలిచారు. ఆ సగం బత్తాయి నోట్లో ఉండగానే నేను అతన్ని చూసి కుళ్ళుకున్నాను. మనిషి బుద్ధి అంత.

సరోజ పగలంతా నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చునేది. ఏమైతాదో ఏమో అని ఒక్కసారీ అనలేదు. అనుంటే నేనూ ఏడ్చేవాణ్ణి. మునిరత్నం ఇడ్లీ తెచ్చి ముందు దాని చేతికి ఇచ్చేవాడు, నువ్వు తినకపోతే అన్నను చూసేదెవరు వదినా అని. అది తినేది. నేను పెడితే ఒద్దనేది.

మూడో రోజు పెద్ద డాక్టరు పిలిచారు. వయసు మళ్ళినాయన, కళ్ళద్దాలు. వెలుగుతున్న అద్దం మీద ఎక్స్-రే పెట్టి చూపించారు. కుడి పక్క మూత్రపిండం రంగు మందుతో చిక్కుడు గింజ ఆకారంలో స్పష్టంగా తెల్లగా కనిపించింది. ఎడమ పక్క ఏమీ లేదు. ఉత్త నలుపు. మునిరత్నం ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు.

"రాయి పూరా అడ్డం పడిందంట అన్నా. పైన నీళ్ళు నిలబడి, నిలబడి, సంచి మాదిరి ఉబ్బి చీము పట్టిందంట. అది ఇంక పని చేయదంట. తీసేయాలంట."

సరోజ నా చొక్కా అంచు పట్టుకుంది. డాక్టరు ఇంకేదో అడిగారు. మునిరత్నం నేల చూశాడు.

"ఏమంటాడు?" అన్నాను.

"రెండు నెలలు ముందు వచ్చుంటే రాయి మాత్రం తీసి మిగతాది కాపాడుండొచ్చంట. ఇంత దినం ఏం చేస్తా ఉంటివి, రమ్మని ఎవురూ చెప్పలేదా అని అడగతా ఉండాడు."

గదిలో నలుగురం. సరోజ నా ముఖంలోకి చూస్తోంది. పైపుల కొట్టంలో జరిగింది దానికి తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, ఆ ప్రశ్నను తెలుగులో నాకు చెప్పినవాడూ వాడే. ఒక్క మాట చాలు. అది నా నోట రాలేదు. మూత్రపిండం పోయింది, చావు పక్కనే ఉంది, అయినా వీడు గెలిచాడని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

"ఎవురూ చెప్పలేదు," అన్నాను.

మునిరత్నం నా వైపు చూడకుండా డాక్టరు వైపు తిరిగి అరవంలో చెప్పాడు. నా రెండు మాటలకు చాలాసేపు చెప్పాడు. డాక్టరు రాస్తున్న కలం ఆపి, కళ్ళద్దాలు తీసి, వాణ్ణి తిట్టారు. గొంతు పెంచే తిట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ భాష అంత వేగంగా నాకు అందదు. వాడు చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. ఇది రాయకూడదనిపిస్తోంది, అయినా రాస్తాను. వాడు తిట్లు తింటుంటే నాకు సంతోషం వేసింది. తెలిసినట్టు ఏదో వాగి ఉంటాడు, బాగా అయిందిలే అనుకున్నాను. ఆ సంతోషంతోనే ఆపరేషనుకు వెళ్ళాను.

ఆపరేషను గురించి చెప్పేదేమీ లేదు, నేను అక్కడ లేనట్టే. లేచాక దాహం, కుట్లు, దగ్గితే ప్రాణం పోయినంత నొప్పి. నెల రోజులు వార్డులో ఉన్నాను. మునిరత్నం రెండు వారాలు ఉండి, శెట్టి కబురు పంపితే వెళ్ళాడు. పక్క మంచాలవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నాకు అరవం వచ్చింది. ముందు నీళ్ళు, తర్వాత గంజి, తర్వాత సూది ఎప్పుడు అని అడగడం, చివరికి పోట్లాడటం కూడా.

ఇంటికి వచ్చాక మంచంలో ఇంకో రెండు నెలలు. పెద్ద ఫిట్టరు పని మునిరత్నానికి ఇచ్చారని శెట్టే వచ్చి చెప్పాడు. నాకు అంగట్లో కూర్చుని సరుకు చూసే పని. బరువు ఎత్తకూడదు కదా. నేను తల ఊపాను. ఆయన పోయాక సరోజ మీద, అన్నంలో రాయి వచ్చిందని విరుచుకుపడ్డాను. రాయి రాలేదు. ఆ సంగతి దానికీ తెలుసు.

తిరుచానూరు పంచమి తీర్థం అయిన వారానికి, చూపించుకోవడానికి మళ్ళీ వేలూరు పోయాం. ఈసారి సరోజా నేనే. మునిరత్నం వస్తానన్నాడు, నాకే అరవం వచ్చు కదా అని ఒద్దన్నాను. అదే డాక్టరు. మచ్చ చూశారు, పరీక్షలన్నీ చూశారు, కుడిది బాగా పనిచేస్తోందన్నారు. తర్వాత తలుపు వైపు చూసి అరవంలో అడిగారు.

"మీ తమ్ముడు రాలేదా?"

తమ్ముడు కాదు, అంగట్లో పనిచేసేవాడు అన్నాను.

"తమ్ముడనే అనుకున్నాను. ఆ రోజు మరీ ఎక్కువగా తిట్టాను. నొప్పి ఆగినప్పుడే నాకు అనుమానం వచ్చింది సార్, తీసుకురావాల్సింది నేనే, గట్టిగా చెప్పలేకపోయాను, తప్పు నాదే అన్నాడు. అందుకే తిట్టాను. అడిగానని చెప్పండి."

ఆ మాటలు తెలుగులో చెప్పేవాళ్ళు పక్కన ఎవరూ లేరు. అవసరం రాలేదు. ఒక్కో మాటా అర్థమైంది. సరోజకూ ఆ నెల రోజుల్లో అంతో ఇంతో అరవం పట్టుబడింది. అది డాక్టర్ని చూడలేదు, నన్ను చూసింది.

బయట బెంచీ మీద కూర్చుని చెప్పేశాను. పైపుల కొట్టం, పకోడీ, వాడు అన్నది, నేను అన్నది. అది వింది. బస్సు ఎక్కాం. ఊరు దగ్గరపడ్డాక ఒకటే అడిగింది.

"ఇంక నాకు చెప్పాల్సినవి ఏమన్నా ఉండాయా మామా?"

లేవన్నాను. దాని కళ్ళ నిండా నీళ్ళు. ఆ దూట దంచిన చేతులను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మర్నాడు మునిరత్నం ఒక కొత్త సత్రంలో పైపులకు మర తీస్తుంటే పోయాను. ఎదురుగా నిలబడి అడిగాను.

"ఆ పొద్దు నేను ఎవురూ చెప్పలేదంటే, నువ్వు అట్లే చెప్పుండొచ్చు కదా డాక్టరుకు?"

వాడు మర తీసే కట్టె తిప్పడం ఆపాడు.

"ఎట్ల చెప్పేదన్నా? ఆయన కాయితంలో రాసుకుంటా ఉండాడు. నొప్పి ఎప్పుడు నిలిచిందో తప్పు రాసుకుంటే వైద్యం తప్పుతాది గదా."

"సరే. తప్పు నీ మీద ఎందుకు వేసుకుంటివి?"

"ఎవురో ఒకరు తిట్లు తినాల గదన్నా. నువ్వు కోతకు పోతా ఉండావు. నిన్ను తిడితే వదిన ముందర ఏం బాగుంటాది?" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

నేను వాడి కాళ్ళ మీద పడ్డానని రాస్తే బాగుంటుందేమో, పడలేదు. నిజం చెబితే అప్పుడు కూడా నాకు కుళ్ళే వచ్చింది. ఇంత తేలిగ్గా, పని మధ్యలో, ఇలాంటి మాట నా నోట ఈ జన్మకు రాదే అని. ఆ కుళ్ళు ఇంకా పోలేదు, పోతుందన్న నమ్మకమూ లేదు. కాబట్టి నా వల్ల అయ్యేది ఒకటే చేస్తున్నాను. రమ్మని ఎవరూ చెప్పలేదని ఆ రోజు ఆసుపత్రిలో నేను అన్నది అబద్ధం. ఒకడు చెప్పాడు, వేళకే చెప్పాడు. వాడి పేరు మునిరత్నం.